పద్మ ఓటేసిన పాట

ఈ సాయంత్రం చిక్కపేటలోని మా మిద్దె మీద, మా అభిమాన ఇంగ్లీషు కుర్రాళ్ల బ్యాండు పాటల్లో ఏది గొప్పదో తేల్చడానికి ఆడపిల్లలం అందరం చేరాం. క్యాసెట్టు మా అత్త కూతురు పద్మది. నత్తి ఉన్నా, అందరికంటే ముందు తనే నోరు తెరిచి నెమ్మదిగా సాగే పాటకు ఓటేసింది.

"అదెందుకే?" అంది మా అక్క.

"దాంట్లో మా... మాటలు..."

"నిదానంగా ఉండాది కదా, అందుకే నీకు అందుతాది!"

అందరూ పగలబడి నవ్వారు. పద్మ టేపురికార్డరు ఆపేసి, క్యాసెట్టు తీసుకుని చరచరా మెట్లు దిగిపోయింది.

"చూస్తిరా అప్పా, కోపానికి మాత్రం నత్తి లేదు!" అని అక్క మళ్లీ నవ్వించింది.

ఏ పాట గొప్పదో తేలనేలేదు. మీ ఇంట్లోనూ ఇలాంటి అక్క ఉంటే, ఎలా వేగుతున్నారో కాస్త చెప్పండి.