గేర్ ఆయిల్, మా అత్త ముక్కు

నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నాను. క్లచ్ తొక్కాలంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. అందుకే మా ఆయన పాత ఆటోమేటిక్ కారు కొన్నాడు. శిడ్లఘట్ట పక్కనున్న మా పల్లె నుంచి చింతామణి స్కూలుకు అందులోనే వెళ్ళి పాఠాలు చెప్పి వస్తాను. ఆ కారంటే నాకు ప్రాణం, మా అత్తకు ఒళ్ళుమంట. దాని పొగ తను పెంచే పట్టుపురుగులకు పడదని ఆమె గొడవ. నేను పౌడరు రాసుకుని పురుగుల ఇంటికి వెళితే, ఆ వాసన గుమ్మంలోనే పసిగట్టి వెనక్కి పంపేస్తుంది.

ఈ మధ్య గేరు వేస్తే కారు కాసేపు ఆలోచించి గానీ కదలడం లేదు. చింతామణి మెకానిక్ ఫోన్‌లోనే చెప్పాడు.

"గేర్ ఆయిల్ సూడండమ్మా. తక్కువుంటే పోస్తే సరిపోతాది. మాడు వాసనొస్తే మాత్రం గేర్‌బాక్స్ పోయినట్లే, అమ్మేయండి."

అమ్మడానికి మా ఆయన వెంటనే సరేనన్నాడు. ఆ తొందర నాకు నచ్చలేదు.

ఆదివారం పొద్దున ఊరంతా తిప్పి, బండి వేడెక్కాక వాకిట్లో చదునైన చోట ఆపాను. ఈ ఆయిల్ ఇంజన్ ఆడుతుండగానే చూడాలట. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి తీశాను. ఆయిల్ గీతకు కిందే ఉంది. ఎర్రగా ఉండాల్సింది కాస్త నల్లబడింది. వాసన చూద్దామంటే నాకు జలుబు. మా ఆయన మూడుసార్లు పీల్చి, "మాడినట్లే ఉండాదే" అన్నాడు. పొయ్యి మీద పాలు మాడినా కనిపెట్టలేని మనిషి ఆయన.

అంతలో అత్త పురుగుల ఇంట్లోంచి దూసుకొచ్చింది.

"పురుగులు ఆకు తింటాండాయి, ఈ పొగేంది? ఆపు ముందు!"

ఆపేసి, ఆయిల్ గుడ్డ ఆమె ముందు పట్టాను.

"అత్తా, మాడిందో లేదో నువ్వే చెప్పు. మాడుంటే కారు అమ్మేస్తాం."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఈ కారు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసే మనిషినే తీర్పు చెప్పమన్నాను. ఒక్క మాటంటే చాలు, ఆమెకు పీడ విరగడవుతుంది.

అత్త గుడ్డ అందుకుని కళ్ళు మూసుకుంది. చెడిన మల్బరీ ఆకును ఏరేటప్పుడు చూసినట్లే నిదానంగా వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"మాడు యాడుండాదప్పా?" అంది కొడుకుతో. "పాతబడిండాది, అంతే. మంచి బండిని ఎందుకమ్ముతావు? నూనె పోయించు."

గుడ్డ నా చేతిలో పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. నాకు సంతోషమూ సిగ్గూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

సాయంత్రం మెకానిక్ చెప్పిన ఆయిల్ తెచ్చి పోశాం. గేరు వేయగానే కారు కదిలింది. దాన్ని వాకిట్లోంచి తీసి, పురుగుల ఇంటికి దూరంగా వీధి చివర నిలిపాను. ఇప్పటికీ అక్కడే నిలుపుతున్నాను, ఎవరూ అడక్కపోయినా.