పిస్టల్ పట్టిన పాల చెయ్యి

ఎస్సైగా నాకిచ్చిన మొదటి పిస్టల్‌తో ఈ పొద్దున సూర్యాపేట బయట ప్రాక్టీసుకు వెళ్లాను. ఎల్లుండే షూటింగ్ పరీక్ష. పది గుండ్లు పేలిస్తే పదీ టార్గెట్‌లోని నల్ల వృత్తానికి కిందే పడ్డాయి. నేర్పే హెడ్ కానిస్టేబుల్ సత్తయ్య గారు టార్గెట్ వైపు చూడనే లేదు, నా చేతినే చూస్తున్నారు.

“మేడం, మీ ఇంట్ల బర్లున్నయా?”

“రెండున్నయ్. చిన్నప్పటి సంది నేనే పాలు పిండుత. మీకెట్ల తెలిసింది?”

“మీ చెయ్యే చెప్తున్నది. ట్రిగ్గర్ మీద ఒక్క వేలే కదలాలె. మీరు అన్ని వేళ్లతోటి పిస్టల్‌ను పిండుతున్నరు. ఇగ గుండ్లు కిందికి పోక ఏడికి పోతయ్?”

మళ్లీ పిస్టల్ ఎత్తాను. మంచులో మా కొట్టం, చెంబులో మొదటి ధార చప్పుడు, అమ్మ చేతి పక్కన నా చిన్న చెయ్యి కళ్ల ముందు మెదిలాయి. మిగతా వేళ్లను జోకొట్టినట్టు నిద్రపుచ్చి, చూపుడు వేలును మెల్లగా వెనక్కి లాగాను. నల్ల వృత్తం నడుమ చిన్న వెలుతురు చుక్క తెరుచుకుంది.

సాయంత్రం మా ఊరు చివ్వెంలలో మా బర్రె గౌరి దగ్గర చెంబు పట్టుకుని కూర్చున్నాను. నిద్రపుచ్చిన వేళ్లు ఇంకా లేవలేదు. గౌరి చేపలేదు, చుక్క పాలు వదల్లేదు. తల తిప్పి, నువ్వెవరన్నట్టు చూసింది.

ఎల్లుండి పరీక్ష ఎలాగో గట్టెక్కుతాను. రేపు పొద్దున గౌరి దగ్గర ఎలా గట్టెక్కాలో తెలిసినవాళ్లు చెప్పండి.