కొలవలేకపోయాం అన్న మాట

చిక్కడపల్లిలో ముసురు పట్టిన సాయంత్రాల్లో ఇస్త్రీ బండి దాటుతుంటే తడిబట్ట మీద వేడి పెట్టె ఆనిన వాసన వస్తుంది. ఆ వాసనకు నా అడుగు దానంతటదే నెమ్మదిస్తుంది. దీపాలు, ఆటోలు, గొడుగులు నీళ్లలో కరిగినట్టు మసకబారతాయి. వాటి మధ్యలోంచి సుగుణ సిస్టర్ వెచ్చని తువ్వాలు పట్టుకుని నడిచి వస్తున్నట్టుంటుంది.

నారాయణగూడలోని ఒక చిన్న ఆసుపత్రిలో నేను కొత్తగా నర్సుగా చేరినప్పుడు ఆమె మా వార్డు ఇన్‌ఛార్జి. అప్పుడే వార్డుకు ఒక కొత్త కంప్యూటర్ వచ్చింది. రోగి జ్వరం, నాడి, ఆక్సిజన్ నమోదు చేస్తే డాక్టరు ఎవరిని ముందు చూడాలో అది చెప్పేది. ఎర్రరంగు వస్తే పరుగెత్తాలి, పచ్చరంగు వస్తే ఫరవాలేదు. సిస్టర్‌కు అదంటే ముచ్చట. పొద్దున రాగానే తెర తుడిచి, "ఏమంటున్నవమ్మా ఇయ్యాల?" అని పలకరించేవారు.

ఒక వాన మధ్యాహ్నం యాదమ్మ వచ్చింది. మహబూబ్‌నగర్ వైపు మనిషి, అశోక్‌నగర్‌లో కడుతున్న అపార్ట్‌మెంటులో కూలి. దగ్గు, జ్వరం. తడిసిన వేళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి. ఆక్సిజన్ కొలిచే క్లిప్పు ఏ వేలికి పెట్టినా అంకె రాలేదు. ఆ గడి నింపనిదే కంప్యూటర్ ముందుకు పోదు. బయట జనం పెరుగుతున్నారు.

"మంచిగనే మాట్లాడుతున్నది గద సిస్టర్, తొంభై ఎనిమిది కొట్టేద్దాం," అంది తోటి నర్సు అనిత.

"కొడితే పచ్చగనే చూపెడ్తది. మనం ఏది చెప్తే అది నమ్ముతది పాపం," అన్నారు సిస్టర్.

తువ్వాలును వేడినీళ్లలో ముంచి పిండి, యాదమ్మ చేతులకు చుట్టి, మంచం అంచున కూర్చున్నారు. "మీదే ఊరమ్మా? పిల్లలెందరు?" అంటూ మెల్లగా మాట్లాడుతున్నారు. యాదమ్మ కళ్లు మూసుకుని, "నిమ్మలంగున్నదక్కా," అంది. వాన చప్పుడుకు వార్డంతా ఊయలలో ఉన్నట్టనిపించింది. వేళ్లు వెచ్చబడ్డాక అంకె వచ్చింది, మేం అనుకున్నదానికి ఎంతో కింద. నమోదు చేయగానే తెర ఎర్రబడింది. డాక్టరు పరుగున వచ్చారు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. సమయానికి ఆక్సిజన్ అందింది. కొన్నాళ్లకు యాదమ్మ తన కాళ్ల మీద తను నడుచుకుంటూ వెళ్లిపోయింది.

తర్వాత కంప్యూటర్ సంగతులు చూసే ఇంజనీరు వచ్చినప్పుడు సిస్టర్ అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "తెల్వదు అని రాసే జాగ ఏది నాయనా, ఇందుల?"

"ఖాళీగా వదిలితే అదేం చెప్పలేదు మేడం."

"చెప్పకుంటే మానె. పోయి మల్ల చూడుమని అనొచ్చు గద?"

అతను నవ్వి, ఆ మాట రాసుకున్నాడు. మరోసారి వచ్చి వెళ్లాక ప్రతి గడి పక్కనా 'కొలవలేకపోయాం' అన్న మాట చేరింది. అది నొక్కితే, 'రోగి దగ్గరికి మళ్లీ వెళ్లండి' అని పసుపురంగులో వచ్చేది.

సిస్టర్ రిటైరయ్యాక, ఆమెకు ఒంట్లో బాగుండని రోజుల్లో, అశోక్‌నగర్‌లోని వాళ్లింటికి వెళ్లాను. "ఎట్లున్నరు సిస్టర్?" అన్నాను. బాగున్నానని ఊరికే అనేయలేదు ఆమె. లోపల ఏదో వింటున్నట్టు కళ్లు మూసుకుని, "ఇంకా తెల్వదు బిడ్డా. జర కూసో, చెప్త," అన్నారు. కూర్చున్నాను. కిటికీ ఎండ మెల్లగా గోడెక్కింది. జవాబు చెప్పకుండానే నిద్రలోకి జారుకున్నారు. ఆ వారంలోనే పోయారు.

ఇప్పుడు నేనూ ఒక వార్డుకు ఇన్‌ఛార్జిని. "మా అమ్మకు తగ్గుతదా సిస్టర్?" అని ఎవరైనా నా ముఖంలోకి చూస్తే, నిజంగా తెలియనప్పుడు తెలియదనే చెబుతాను. చెప్పి అక్కడినుంచి కదలను. స్టూలు లాక్కుని ఆ మంచం పక్కనే కూర్చుంటాను.