మూడు రోజులు ఆపుకున్న ఆమెన్

నా చెల్లెలి ముఖం కాలిందన్న కబురు నాకు మొదట తెచ్చింది వేంపల్లెలో షేర్ ఆటో నడిపే ఒకాయన. చెల్లెలు అక్కడ బస్టాండు పక్కన బోండాల బండి పెట్టుకుని ఉండేది. బాణలి ఒరిగి నూనెకు మంట అంటుకుంటే, ఆటో ఎక్కినవాళ్ళందరినీ దింపేసి, ఆమెను పులివెందుల ఆసుపత్రికి తెచ్చింది ఆయనే. అక్కడినుంచి అడుగుతూ అడుగుతూ మా ఇంటికి వచ్చాడు. గడప దాటలేదు.

"భయపడొద్దక్కా. మనిషి బాగానే ఉండాది. మొగమే..." అని ఆగిపోయాడు. ఆ మాట పూర్తి చెయ్యకపోవడం కూడా ఆయన మంచితనమే అనిపిస్తుంది ఇప్పుడు.

ఆసుపత్రి నుంచి ఆమెను నా దగ్గరికే తెచ్చుకున్నాను. పుండు మానడానికి నెలలు పట్టింది. మానింది గానీ, మానుతూ మానుతూ చర్మం ముడుచుకుపోయింది. కుడి చెంప బిగిసి, కింది రెప్పను కిందికి లాగేసింది. కన్ను మూతపడదు. నిద్రలో కూడా ఆ కన్ను తెరుచుకునే ఉండేది. పగటిపూట కునుకు తీస్తున్నా మేలుకుని నన్నే చూస్తున్నట్టు ఉండేది. తడి గుడ్డ కప్పుకుని పడుకునేది. కంటి డాక్టరు చూసి, నల్లగుడ్డు ఎండిపోతోంది, ఇట్లాగే వదిలితే చూపు పోతుందని చెప్పాడు.

ప్రొద్దుటూరులో కాలిన ముఖాలు సరిచేసే ఒక డాక్టరమ్మ ఉందని తెలిసి తీసుకుపోయాము. ఆమె తొందరపడే మనిషి కాదు. ముడుచుకున్న చోట కోసి రెప్పను పైకి వదులు చేస్తామని, అప్పుడు ఏర్పడే ఖాళీలో మెడ కింది కాలర్ ఎముక పైనుంచి తీసిన చర్మం అతికిస్తామని చెప్పింది.

"కుట్టేదాకా నా చేతిలో ఉంటుందమ్మా. ఆ తర్వాత అది కదలకుండా ఉండాలి. తెచ్చి పెట్టిన చర్మానికి సొంత నెత్తురు లేదు. మొదట కింది కండలోని తేమ తాగి బతుకుతుంది. తర్వాత సన్నని రక్తనాళాలు దాంట్లోకి పాకుతాయి. కింద నెత్తురు చేరినా, చర్మం జరిగినా అవి తెగిపోతాయి. ఐదు రోజులు మాట్లాడకూడదు, నవ్వకూడదు, నమలకూడదు."

నేను బడికి పోయినదాన్ని కాదు. చిన్నప్పుడు కాలు సరిగా లేక నడవలేకపోతే, జమ్మలమడుగు దగ్గరి పల్లెల్లో ఉపదేశిగా తిరిగిన మా నాయన వేదపుస్తకం ముందు పెట్టి ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. మా అమ్మ బొంతలు కుట్టడం నేర్పింది. పాత చీరలు పొరలుగా పరిచాక ముందు అక్కడక్కడ వదులు కుట్లు, టాకాలు వెయ్యాలి. వెయ్యకపోతే పైపొర బాగానే కనపడుతుంది, కిందిది నలిగి ఒక మూలకు చేరుతుంది. అందుకే డాక్టరమ్మ మాట నాకు వెంటనే ఎక్కింది.

ఆపరేషన్ అయ్యాక చూస్తే, చర్మం చుట్టూ వేసిన కుట్లకు దారాలు పొడుగ్గా వదిలి, పైన మందు రాసిన దూది పెట్టి, ఆ దారాలను ఎదురెదురుగా లాగి దూది మీద ముడులు వేశారు. కదలకుండా పై రెప్పనూ కింది రెప్పనూ కొన్నాళ్ళకని కలిపి కుట్టారు. చెంప మీద నిమ్మకాయంత దూది ముద్ద. నాకు అది భయంగా తోచలేదు. తెలిసిన పనే అనిపించింది.

ఆ వార్డులో ఒక సిస్టరమ్మ ఉండేది. కొండాపురం తట్టు మనిషి. గండికోట డ్యాము నీళ్ళు వాళ్ళ ఊరిని ముంచితే, ఇప్పుడు కాలనీలో సర్కారు కట్టిచ్చిన ఇంట్లో ఉంటున్నామని చెప్పింది. చెల్లెలికి సిరంజితో గంజి, మజ్జిగ కొంచెం కొంచెంగా నోట్లోకి వదలడం నాకు నేర్పింది ఆమే.

రెండో రోజు మధ్యాహ్నం మా మేనమామ పులివెందుల నుంచి వచ్చాడు. ఎవరినీ నవ్వించకుండా ఉండలేడు.

"ఈ పిల్ల నోరు మూపిచ్చే మొనగాడు పుట్టలేదనుకుంటి. డాక్టరమ్మ పుట్టింది గదా" అన్నాడు. చెల్లెలి భుజాలు కదిలాయి.

"మామా, నువ్వు గోడ తట్టు తిరిగి కూచో" అంది సిస్టరమ్మ. "ఇంగొక మాట మాట్లాడితే నీ నోటికీ నాలుగు కుట్లు ఏపిస్తా."

ఆయన నిజంగానే గోడవైపు తిరిగి కూర్చున్నాడు, పోయేదాకా.

మామను కట్టడి చేసుకున్నాము గానీ, చెడు చేసింది నేను. మా ఇంట్లో ఒకరు ప్రార్థన చేస్తే మిగతావాళ్ళు ఆమెన్ అనాలి, వినపడేట్టు అనాలి. చిన్నప్పుడు ఎవరైనా నసిగితే మా నాయన కళ్ళు తెరిచి, "ఏంది, బువ్వ తినలేదా?" అనేవాడు. అందరికంటే గట్టిగా అనేది మా చెల్లెలే. మా ప్రార్థన గుడిలో పాట ఎత్తేది కూడా ఆమే. కాలిన తర్వాత మాత్రం కొంగు లాక్కుని వెనక వరుసలో కూర్చునేది.

ఆ సాయంకాలం ఆమె మంచం పక్కన కూర్చుని పైకి ప్రార్థన చేశాను. ఆ కన్ను నిలపమని అడిగాను. మనసు కరిగి, గొంతు పెంచి ముగించాను. ముగించగానే, నోరారా, "ఆమెన్" అంది నా చెల్లెలు.

అనేసి తనే బెదిరింది. దూది అంచున ఎర్రగా ఊరింది.

నా అరుపుకు సిస్టరమ్మ వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. డాక్టరమ్మకు కబురు పంపి, గుడ్డ పెట్టి, దూది మీద అరచెయ్యి ఆనించి, అదమకుండా, వదలకుండా అట్లాగే పట్టుకుని నిలబడింది. డాక్టరమ్మ వచ్చేదాకా చెయ్యి మార్చలేదు. ఆమె వచ్చి ముక్కు పక్కన చేరిన నెత్తురును మెల్లగా బయటికి తీసి, ఇంకో రెండు దారాలు వేసి బిగించింది. "మూలన కొంచెం పోవచ్చు. మిగతాది ఎట్లుందో విప్పిన రోజే తెలుస్తుంది" అంది.

నేను వరండాలో కూర్చుని ఏడుస్తుంటే సిస్టరమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇంగ నేను ప్రార్థన చెయ్యను" అన్నాను.

"ఎందుకు చెయ్యవు? ఆ పిల్లకు అదే గదా ధైర్యం. చెయ్యి. ఆ ఆఖరి మాట మాత్రం ఆడనే పెట్టు. కట్టు విప్పినాక అన్నిటికీ కలిపి ఒకేసారి చెప్పుకోండి. మీ దేవునికి అంత తొందరేముందక్కా?"

ఆమె మా గుడికి వచ్చే మనిషి కాదు. చేతికి తిరుపతి దారం కట్టుకుని ఉంది. అయినా నా విశ్వాసానికి అంత మంచి ఉపదేశం చేసినవాళ్ళు తక్కువ.

అట్లా మూడు రోజులు ఉదయం సాయంత్రం ప్రార్థన చేశాము, ముగించకుండా. చివరి మాట దగ్గర ఆగి, నేను ఆమె చెయ్యి నొక్కేదాన్ని, ఆమె నా చెయ్యి నొక్కేది. జమ్మలమడుగు నుంచి సంఘంలోని ఆడవాళ్ళు ప్రార్థన నూనె తీసుకుని వస్తే, సిస్టరమ్మ తలుపు దగ్గరే నిలబెట్టింది.

"నూనె తలకు వద్దు, కాళ్ళకు రాయండి. పాట వద్దు. ఆమెన్ అసలే వద్దు."

"ఇదేం ఆసుపత్రి తల్లీ, ఆమెన్ కూడా అననీరంట" అని గొణిగింది ఒక పెద్దామె. అయినా కాళ్ళకే రాసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పోయారు.

ఐదో రోజు డాక్టరమ్మ ముడులు ఒక్కొక్కటే కత్తిరించి, దూదిని ఉప్పు నీళ్ళతో నానబెట్టి ఎత్తింది. నేను చూడలేక సిస్టరమ్మ ముఖం చూస్తూ ఉన్నాను. ఆమె కళ్ళు పెద్దవి కావడం చూసి చెల్లెలి వైపు తల తిప్పాను. ముక్కు పక్కన గోరంత మేర నల్లబడింది. మిగిలినదంతా గులాబి రంగులో ఉంది. డాక్టరమ్మ వేలితో మెత్తగా ఒత్తితే తెల్లబడి, వేలు తీయగానే మళ్ళీ రంగు వచ్చింది.

"నెత్తురు ఆడుతోంది. పట్టింది" అంది.

అప్పుడు సిస్టరమ్మ మా చెల్లెలి పైకి వంగి, "నువ్వు గమ్మునుండు పాపా, నీ బదులు నేను అంటా" అని, నెమ్మదిగా, "ఆమెన్" అంది.

రెప్పల కుట్లు విప్పింది ఇంకొన్ని రోజుల తర్వాత. ఆ మధ్యాహ్నం చెల్లెలు ఇంట్లో పడుకుంటే, రెండు కళ్ళూ మూతపడి ఉండటం నేను కూర్చుని చాలాసేపు చూశాను. ముక్కు పక్కన గోరంత మచ్చ ఇప్పటికీ ఉంది. అది నా తొందరపాటు గుర్తు. చెల్లెలు మాత్రం దాన్ని "మా అక్క ప్రార్థన" అని అందరికీ చూపిస్తుంది. గుడిలో మళ్ళీ ముందు వరుసలోనే కూర్చుంటుంది, పాట తనే ఎత్తుతుంది.

మరుసటి ఏడాది ఆమె కోసం బొంత ఒకటి కుట్టుకుని ప్రొద్దుటూరు పోతే, ఆ సిస్టరమ్మ అక్కడ లేదు. పని మారిందన్నారు, ఏ ఊరికో ఎవరూ చెప్పలేకపోయారు. కొండాపురం కాలనీల్లో అడిగించాను, తెలియలేదు. బొంత నా పెట్టెలోనే ఉంది.

అందుకే ఇది చదివే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీరు ఏ దేవునికి మొక్కుకున్నా సరే, మొక్కు ముగించే ముందు ఒక్క క్షణం ఆగి, ఒక పరాయి ముఖం మీద అరచెయ్యి ఆనించి మార్చకుండా నిలబడిన ఆ కొండాపురం తట్టు సిస్టరమ్మను తలుచుకోండి.