మైనం పూసిన నీళ్ళ సంచి

మొన్న మా మనవరాలు మట్టి సీసా ఒకటి కొనుక్కొచ్చి, లోపలా బయటా నున్నగా పాలిష్ పట్టించారు, ఒక్క చుక్క కూడా చెమర్చదవ్వా అని మురిసిపోతూ చూపించింది. నాకు కూర్చున్నచోట కుదురు లేకుండా పోయింది. చెమర్చని మట్టిలో నీళ్ళెట్లా చల్లబడతాయే పిచ్చిమొహమా అని కసిరేశాను గానీ, ఆ కోపం దానిమీద కాదని నాకు తెలుసు.

స్వరాజ్యం వచ్చిన కొత్తలు. నేను ఉదయగిరిలో కాపురానికొచ్చి ఏడాదైనా నిండలేదు. మా ఆయన మిలిటరీ లారీ డ్రైవరు. ఆ వేసవిలో వాళ్ళ దండు ఆత్మకూరు అవతల డేరాలు వేసుకుని, రోజూ మా ఊరి మీదుగా సీతారామపురం కొండలదాకా సామాను తోలేది. ఆ ఎండకు లారీలో కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే గనుక, తాగేనీళ్ళు కాన్వాసు సంచిలో పోసి లారీ ముందు కమ్మీకి వేలాడదీసుకునేవాళ్ళు. ఒకరోజు తెల్లవారి దారిలో మా ఇంటి ముందు లారీ ఆపి, ఆ సంచి నింపమని నా చేతికిచ్చి, ఆయన స్నానానికి వెళ్ళాడు.

నింపి చూద్దును గదా, అడుగంతా టపటపా కారుతోంది! బిందెడు నీళ్ళకు మైలు నడిచే మెట్ట ఊళ్ళో పుట్టినదాన్ని, చుక్క నేలపాలైతే నా ప్రాణం ఉసూరుమంటుంది. గబగబా తేనెమైనం కరిగించి సంచికంతా పట్టించాను. మళ్ళీ నింపితే చుక్క రాలలేదు. సాయంత్రం మెచ్చుకుంటాడులే అని చెప్పకుండానే ఇచ్చి పంపాను.

పొద్దెక్కాక గొప్పగా మా అత్తతో చెప్పాను. ఆమె చేతిలో చేట కింద పడేసింది.

“ఏంపని చేసినావే! కొత్తకుండ చల్లగా ఎందుకుంటాది? చెమర్చబట్టి గదా! ఆ సంచీ అంతేనే. ఈ ఎండలో వాళ్ళు కాగిన నీళ్ళు తాగాల్నా?”

ఇంక నాకు కాలు నిలవలేదు. తడిగుడ్డ చుట్టిన కడవ చంకనెత్తుకుని రోడ్డుకు పోవడం, దుమ్ము లేస్తే పరిగెత్తడం, ఎద్దుల బండి అని తెలిసి వెనక్కి రావడం. మొగుణ్ణి నా చేతులతోనే చంపుకున్నానా అని ఏడ్చాను కూడా.

పొద్దువాలుతుండగా లారీ వచ్చి మా ఇంటి ముందాగింది. ఆయన పెదాలు పగిలి నెత్తురోడుతున్నాయి. మైనం కంపుకొట్టే ఆ వేణ్ణీళ్ళు గొంతు దిగక, తోడు జవాను ఎండదెబ్బకు లారీ వెనక కళ్ళు తేలేసి పడున్నాడు. కడవలో సగం నీళ్ళు అతని నెత్తిన పోసి, మిగిలినవి కొంచెం కొంచెంగా తాగించాక గానీ అతను కళ్ళు తెరవలేదు. నీళ్ళు ఎట్లుండాయిరా అని మా అత్త కొడుకుని నిలదీసింది.

“నీళ్ళకేం మా, బాగానే ఉండాయి. ఎండ ముదిరిపోయింది, అంతే” అన్నాడాయన, నావైపు చూడకుండా.

తర్వాత సంచి నా చేతికిచ్చాడు. దాని మీది మైనమంతా అప్పటికే కత్తితో గీకేసి ఉంది. “దీన్ని కారనీ అమ్మే” అన్నాడు మెల్లగా. అంతే, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నాది తప్పయిందని చెప్పుకునే సందు తను బతికినన్నాళ్ళూ నాకు ఇవ్వకుండానే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఫ్రిజ్ తీస్తే చల్లటి నీళ్ళు. ఎవరూ ఎవరికోసమూ కడవ మోసుకుని రోడ్డున నిలబడక్కర్లేదు, మంచిదే. అయినా నడివేసవిలో వీధిలో లారీ చప్పుడైతే, నా చెయ్యి ఇప్పటికీ కడవ కోసం తడుముకుంటుంది.