మా గోడ మీది నల్లబల్ల

డెబ్బైల్లో జనగామలో మా ఇంటి బయటి గోడకు ఒక నల్లబల్ల ఉండేది. రోజూ పొద్దున్నే దాని మీద సుద్దముక్కతో నాకు తోచింది రాసేవాణ్ని: బర్రె తప్పిపోవడం, రైలు ఆలస్యం, మా అవ్వ కోపం. పాలు పోయడానికి వచ్చే తండా అక్కకు చదువు రాదు. నాతో చదివించుకుని నవ్వుకుంటూ వెళ్లేది.

ఒక విత్తనాల వ్యాపారి వచ్చి, "గీ బోర్డుకు నెలకెంత?" అన్నాడు. నా రాతకు ధర ఉంటుందని అప్పుడే తెలిసింది. ఇరవై రూపాయలన్నాను. బేరమాడకుండా ఇచ్చాడు. అతని పల్లి విత్తనాలు మేలైనవని, నా సొంత మాటలాగే రాశాను. అక్కకూ అలాగే చదివి వినిపించాను.

నెల తిరక్కముందే అక్క వాడిన మొహంతో వచ్చింది.

"నువ్వు రాసినవని గా ఇత్తులే తెచ్చి ఏసిన తమ్మీ. ఒక్కటి మొలవలే. పాపం, నిన్ను గూడ మోసం జేసిండు. జర బోర్డు మీద రాయి, మందికి ఎరుకైతది."

"రాస్త అక్కా" అన్నాను. వ్యాపారి డబ్బు అప్పటికే ఖర్చు పెట్టేశాను.

మర్నాడు ఆమె బల్ల ముందు నిలబడి, "ఏం రాసినవో సదువు" అంది.

మేలైన విత్తనాలన్న పాత రాత వైపే చూస్తూ, "ఆ విత్తనాలు మొలవవు, ఎవరూ కొనకండి" అని గట్టిగా చదివాను.