పట్టు మార్చే మాట

ఆమెను అందరూ అద్దాలక్క అంటారు. నిలువుటద్దాలు కోసి, అంచులు అరగదీసి పంపే కార్ఖానాలో ఆమెది మోత పని. మనిషికంటే ఎత్తైన అద్దాన్ని నిలబెట్టి ఇద్దరు మోస్తారు: ముందు ఆమె, వెనక బాబాయ్. ఆయన ఆమెకు బంధువేమీ కాడు, స్వాహిలీ మాట్లాడే ముసలాయన. అన్నేళ్ళు ఒకే అద్దానికి చెరో కొస పట్టుకున్నాక వరస కలవకుండా ఎలా ఉంటుంది?

కోత గదికీ అరగదీసే గదికీ మధ్య ఒక ఇరుకు గుమ్మం ఉంది. అక్కడ వెనకవాడు పట్టు మార్చుకోక తప్పదు. ఆ క్షణంలో బరువంతా ముందున్న మనిషిదే. అందుకే ముందున్నవాళ్ళు "నా" అంటారు. అది చెవిన పడ్డాకే వెనకవాడు చెయ్యి వదులుతాడు.

అద్దాలక్కకు అది తెలుగు "నా": బరువు నాది. బాబాయ్ భాషలో "నా" అంటే తోడుగా. అంచులు అరగదీసే కొరియా మనిషికి "నా" అంటే నేను. లారీ నడిపే రష్యా ఆయనకు, ఇదిగో పట్టు. ఈ నాలుగు భాషలకూ చుట్టరికం లేదు. మన "నా" మన "నేను" ఇంట్లో పుట్టింది. మిగతావి వేరే ఇళ్ళలో, వేరే తల్లులకు పుట్టాయి. నాలుక పళ్ళ వెనక తగిలి నోరు తెరుచుకుంటే చాలు, ఆ శబ్దం ఎక్కడైనా దొరుకుతుంది. పోలిక చూసి చుట్టరికం కలపడం ముక్కు చూసి వారసత్వం తేల్చడం లాంటిది. ఏ న్యాయస్థానమూ ఒప్పుకోదు. అయినా ఆ గుమ్మం దగ్గర ఎవరు ముందు పట్టినా నాలుగు అర్థాలూ ఒకే పని చేసేవి. ఇన్ని దేశాలవాళ్ళు ఒక్క మాట మీద నిలబడ్డది ఇక్కడేనని, పైవాళ్ళకు తెలిస్తే దాన్నీ ఆపుతారని లారీ ఆయన హాస్యమాడేవాడు.

ఆపారు. పెద్ద కొనుగోలుదారులు కార్ఖానా చూడడానికి వచ్చిన రోజు, వాళ్ళున్నంతసేపూ ఎవరి నోరూ లేవకూడదని, సంతలా కనిపిస్తే పరువు పోతుందని సూపర్‌వైజర్ ఆజ్ఞాపించాడు. గుమ్మం దగ్గర ఎలాగని అద్దాలక్క అడిగింది.

"తల ఊపండి. మూగవాళ్ళు బతకడం లేదా ఏం?" అన్నాడు.

గుమ్మం దగ్గర ఆమె గడప చూసుకోవడానికి తల వంచింది. వెనకనుంచి చూసిన బాబాయ్‌కి అది ఊపినట్టే కనిపించింది. పట్టు మార్చాడు. అద్దం జారింది. ఆయన కుడి ముంజేతి నరాలు తెగాయి. కొనుగోలుదారులను పక్క గదిలోకి తీసుకుపోయి టీ ఇచ్చారు.

విచారణ పెట్టారు. తప్పు బాబాయ్‌దని తేలితే ఆయన వైద్యమూ జీతమూ రెండూ ఆగిపోతాయి. ముందురోజు సూపర్‌వైజర్ అద్దాలక్కను పక్కకు పిలిచి, ఒక్క ముక్క చెప్తే ఆమె పని ఆమెకుంటుందన్నాడు.

"నువ్వు సైగ చెయ్యలేదు, ఆయన వదిలేశాడు. ఇందులో అబద్ధమేమైనా ఉందా అక్కా?"

లేదు. దాని దుర్మార్గమంతా అందులోనే ఉంది. మనిషిని ముంచడానికి అబద్ధం అవసరం లేదు; నిజాన్ని తగిన చోట ఆపితే చాలు.

విచారణలో యాజమాన్యం లాయరు ఆ మాట ఏ భాషదని, ఏ నిబంధనలో ఉందని, ఎవరు అనుమతించారని అడిగాడు. అందరిదీ అని, ఎందులోనూ లేదని, ఎవరూ అనుమతించలేదని ఆమె ఒకే గొంతుతో చెప్పింది. కోపం రాలేదు, భయమూ వెయ్యలేదు. ఏడుపు రావలసిన చోట ఆవలింత వచ్చింది. ఆ తర్వాత, అడగకుండానే చెప్పింది.

"నేను సైగ చెయ్యలేదండీ. తల వంచాను. ఊపాననుకున్నాడాయన. నోరు తెరవొద్దన్నది మాత్రం ఈయన." వేలు సూపర్‌వైజర్ మీద పెట్టింది. "ఈయన అలా అనకపోతే 'నా' అనేదాన్ని."

తప్పు బాబాయ్‌ది కాదని తేల్చారు. సూపర్‌వైజర్‌దీ కాదన్నారు. సరైన సైగ చెయ్యని మోతమనిషిదన్నారు, పనిలోంచి తీసేశారు. నోరు మూసుకోమన్న ఆజ్ఞ ఆ నిర్ణయంలో ఎక్కడా లేదు. దాన్ని గాలి ఇచ్చిందన్నమాట. గాలి మీద కేసు నడవదు.

మర్నాడు ఆమె బాబాయ్ ఇంటికి వెళ్ళింది. పిన్ని తలుపు తీసి, లోపలికి రమ్మనకుండానే మొదలుపెట్టింది.

"ఆయన చెయ్యీ పోయె, నీ పనీ పోయె. ఒక్కళ్ళైనా మిగలాల్సింది కదే తల్లీ."

"బాబాయ్‌కి జీతం వస్తుంది కదా పిన్నీ."

"మరి నీకు?"

ఆమె చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. బాబాయ్ మంచం అంచున కూర్చుని ఎడమచేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "కొత్త ఉద్యోగం అమ్మాయ్, గుండీల పని. ఇంకా ట్రైనింగ్‌లోనే ఉంచారు" అన్నాడు. నవ్వాలని ఆమెకు తెలుసు. మొహం కదల్లేదు. పిన్ని సాయానికి వంగితే ఆయన మోచేత్తో పక్కకు నెట్టాడు.

మూడో గుండీ తప్పు కాజాలో పడింది. ఆయన అన్నీ విప్పి మళ్ళీ పైనుంచి మొదలుపెట్టాడు. అద్దాలక్క ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.